లోపలి తోలుపట్టీలు
(ధ్యానము: ఎఫెసీయులకు 6:10–18)



1964లో ఉత్తర ఇంగ్లండునందలి కార్‌బ్రిడ్జి అను స్థలమున త్రవ్వగా, ఒక కొయ్యపెట్టెలో రోమా సైనికుల కవచముల ఇనుపరేకులు బయల్పడెను. లండను టవరు ఆయుధశాలలో పనిచేసిన రస్సెల్ రాబిన్‌సన్‌గారు వాటిని పరిశీలించి, ఆ రేకులు లోపలివైపు తోలుపట్టీలకు బిగింపబడెనని గ్రహించి, కవచమును తిరిగి రూపొందించిరి. 1972లో ఏర్పడిన ఎర్మిన్ స్ట్రీట్ గార్డ్ అను సంఘమువారు అట్టి కవచములనే చేసికొని, ధరించి, నాటి సైనికుల కవాతును ప్రజలకు చూపుచు వచ్చిరి.

చూచువారికి మెరయు ఇనుమే కనబడును, తోలు కనబడదు. అయినను నూనె పట్టింపని తోలు ఎండి తెగును. తోలు తెగినయెడల రేకులు విడిపోవును.

మనమును సత్యము, నీతి, విశ్వాసము అను సర్వాంగకవచమును ఆదివారమున ధరించి గుడికి వచ్చుచున్నాము. సోమవారమున పొలముగట్టు తగాదా రాగానే అది ఏల ఊడిపోవుచున్నది? అపొస్తలుడు కవచమును వర్ణించిన వెంటనే ప్రార్థననుగూర్చి చెప్పెను. ఎవరికిని కనబడని ఆ పట్టీయే మన యిండ్లలో తెగియున్నదేమో!

ఈ రాత్రి దీపమార్పకముందే, గట్టుకు అవతలివాని పేరెత్తి ప్రార్థింతము. రేపు అతనికి మనమే ముందుగా వందనము చెప్పుదము. ఆమేన్.