అద్దం తప్పుకునే వేళ

పోయిన కార్తీకంలో మా మేనల్లుడు కొత్త కెమెరా కొనుక్కుని, తన పాత డీఎస్ఎల్ఆర్‌ని నా చేతిలో పెట్టాడు. "మావయ్యా, ఆటో జోలికి పోకండి. ఎమ్ మీద పెట్టి నేర్చుకోండి" అన్నాడు. ఆ నెలంతా తెల్లవారకముందే రాజమహేంద్రవరం పుష్కరాల రేవుకి వెళ్లి మెట్ల మీద కూర్చునేవాణ్ణి. గోదావరి మీది కమాను వంతెననీ, నావలనీ, దొప్పల్లో దీపాలు వదిలే ఆడవాళ్లనీ తీస్తూ వచ్చాను. 30 ఏళ్లుగా వేదాంతం చదువుకుంటూ, అర్థమైనట్టే ఉండి జారిపోతూ వచ్చిన ఒక విషయం ఈ నల్లపెట్టె దగ్గర నా చేతికి తగిలింది.

లెక్కలు తొందరగానే పట్టుబడ్డాయి. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్స్ కన్నం చిన్నదవుతుంది, వెలుగు తగ్గుతుంది, దగ్గరిదీ దూరానిదీ రెండూ తేటగా వస్తాయి. షట్టర్ 1/30 దగ్గర ఉంటే కదిలే తెడ్డు అలుక్కుపోతుంది, 1/500 దగ్గర తెడ్డు నుంచి రాలే చుక్క కూడా నిలిచిపోతుంది. ఐఎస్ఓ పెంచితే మసక వెలుతుర్లోనూ బొమ్మ పడుతుంది గానీ ఇసుక చల్లినట్టు ఉంటుంది. చెయ్యి తిరిగితే వచ్చేవే ఇవన్నీ.

వెలుగుని కొలిచే మీటర్ మాత్రం నన్ను ఒక రోజంతా ఆలోచనలో పడేసింది. రేవు గోడ మీద ఆరేసిన తెల్ల పంచెని ఫ్రేము నిండా తీస్తే బూడిద రంగులో వచ్చింది. పక్కనే ఉన్న నల్ల గొడుగుని తీస్తే అదీ బూడిదే. ఎదుట ఏమున్నా అది నడిమి రకం బూడిద రంగే అనుకుని లెక్క కట్టడం ఆ మీటర్ స్వభావం. తెలుపు తెలుపుగా రావాలంటే దాని మాట దాటి, ప్లస్ వైపుకి ఒక మెట్టో ఒకటిన్నరో మనమే జరపాలి. మన బుద్ధీ ఇలాగే కొలుస్తుంది. తన కొలతకి అందని మంచి ఎదురైనప్పుడు దాన్ని నడిమి స్థాయికి దించి చూస్తుంది. శ్రద్ధ అని పెద్దలు చెప్పింది గుడ్డినమ్మకం కాదనీ, ఎదుటి తెలుపుకి ఆ ఒక్క మెట్టు చోటివ్వడమేననీ నాకు తోచింది.

అసలు సంగతి అద్దంలో ఉంది. లెన్స్ వెనకాల 45 డిగ్రీల వాలులో చిన్న అద్దం ఉంటుంది. లోపలికి వచ్చిన వెలుగుని అది పైకి మళ్లిస్తే, పైనున్న పట్టకం బొమ్మని సరిచేసి కంటికి అందిస్తుంది. వ్యూఫైండర్‌లో నేను చూస్తున్నది అద్దం చూపించే గోదావరినే. బటన్ నొక్కగానే అద్దం టప్పున పైకి లేస్తుంది, షట్టర్ తెర తప్పుకుంటుంది, వెలుగు సెన్సార్ మీద పడుతుంది. ఆ కాస్తసేపూ, ఇంచుమించు సెకనులో పదోవంతు, కంటికి చీకటే. బొమ్మ పడే క్షణాన్ని తీసేవాడు చూడలేడు.

ఇది తెలిసిన రోజున ఇంకేమీ తియ్యబుద్ధి కాలేదు. దృగ్దృశ్య వివేకం అనే చిన్న గ్రంథం మనల్ని మెట్టు మెట్టుగా వెనక్కి తీసుకెళ్తుంది: రూపం నుంచి కంటికి, కంటి నుంచి మనసుకి, మనసు నుంచి దాని కదలికలన్నిటినీ ఎరిగే సాక్షికి. ఆ సాక్షిని చూసేది మరొకటి లేదు. పాఠంగా విన్నప్పుడు ఇది నాకు తర్కంలాగే ఉండేది. జపానికి కూర్చున్నప్పుడు మాత్రం, వచ్చిందా, ఇదేనా ఆ శాంతి అని తొంగి చూస్తూనే ఉండేవాణ్ణి. తొంగి చూస్తున్నంతసేపూ అద్దం కిందికి దిగే ఉంది. అది అడ్డున్నంతసేపూ వెలుగు నా కంటికి వస్తుంది గానీ లోపలి పలకకి చేరదు. రెండూ ఒక్కసారే కావాలంటే ఈ కెమెరా ఒప్పుకోదు.

మనసు అద్దమనీ, దాన్ని తుడుచుకుంటూ ఉండాలనీ మనకి అలవాటైన మాట. నేనూ అదే చేశాను. మొదటి వారంలోనే వ్యూఫైండర్‌లో ఒక నలక కనిపిస్తే కంగారుపడి ఫోన్ చేశాను. "అది బొమ్మలో పడదు మావయ్యా, వదిలెయ్యండి" అన్నాడు మేనల్లుడు. నిజంగానే పడలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం ఎఫ్ 16 పెట్టి, మబ్బులేని ఆకాశం కింద వంతెనని తీశాను. అన్ని బొమ్మల్లోనూ ఆకాశంలో ఒకేచోట ఆవగింజంత మసక మచ్చ. వ్యూఫైండర్‌లో దాని జాడే లేదు. ఎప్పుడో లెన్స్ మార్చినప్పుడు లోపలికి పోయిన ధూళి సెన్సార్ మీద కూర్చుంది. కన్నం పెద్దగా తెరిచి తీసినన్నాళ్లూ బయటపడలేదు.

నేను రోజూ ఎంచుకుని బాధపడే తప్పుల్లో చాలావరకు అద్దం మీది నలకలే. చిత్తంలో పాతుకున్న వాసనలు అద్దంలో కనబడవు. ఏకాదశినాడు ఉపవాసముండి, మాట కట్టేసుకుని, ఇంద్రియాల వాకిలి ఇరుకు చేసుకుని కూర్చుంటే, ఎదుట ఏమీ లేని ఖాళీలో ఎప్పటిదో ఒక పాత కోపం మచ్చలా తేలుతుంది. (ఉపమానాన్ని ఇంతకంటే లాగకూడదు. సెన్సార్ ఆత్మ కాదు, ఆత్మకి మచ్చ అంటదు. సంస్కారాలు ముద్రపడే చిత్తం అనుకుంటేనే లెక్క సరిపోతుంది.)

ఆ ధూళిని దులపడానికీ అద్దాన్ని పైకెత్తే ఉంచాలి. మెనూలో దానికొక ఏర్పాటు ఉంది. బ్యాటరీ నిండుగా ఉండాలి, లేకపోతే మధ్యలో అద్దం పడిపోతుంది. లెన్స్ తీసి, కెమెరాని బోర్లా పట్టుకుని, రబ్బరు బుడ్డితో గాలి కొట్టాను. నోటితో ఊదకూడదు, తుంపర పడుతుంది. నాలుగైదు సార్లు కొట్టాక మచ్చ పోయింది.

మర్నాడు రేవులో పొగమంచు పలచగా ఉంది. ఒక నావ వంతెన వైపు సాగుతోంది. కంటికి ఆనించుకుని, తెడ్డు పైకి లేచేదాకా ఆగి, నొక్కాను. చీకటి. అద్దం దిగేసరికి తెడ్డు ఇంకా గాలిలోనే ఉంది, దాని కొస నుంచి నీళ్లు కారుతున్నాయి.