కొనేటప్పటి చూపు, అమ్మేటప్పటి చూపు

నరసరావుపేటలోనో, మాచర్లలోనో పాత సామాన్ల కొట్టులో మన తాతల నాటి సేఫ్టీ రేజర్ కనిపించిందనుకుందాం. ధర అడిగే ముందు ఏం చూస్తాం? నికెల్ పూత లేచి లోపలి ఇత్తడి బయటపడిందా, మర సాఫీగా తిరుగుతోందా, పిడికి సన్నని పగులేమైనా ఉందా, బ్లేడు బిగిస్తే రెండు వైపులా సమానంగా కూర్చుంటోందా అని చూస్తాం. ఇలా పరీక్షించి కొనడం మన హక్కు.

మరి అదే రేజర్‌ను మనమే అమ్మవలసి వస్తే? ‘చూసుకోవలసింది కొనేవాడే కదా’ అని పగులు సంగతి దాచవచ్చా?

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టగా లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. జనానికి కనిపించేలా దాన్ని పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) అడిగారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు (ముస్లిం). ధాన్యం తడవడం వర్తకుని తప్పు కాదు, ఆ తడిని కప్పిపెట్టడమే తప్పు. పల్నాటి మిర్చి బస్తాకైనా, పాత రేజర్‌కైనా నియమం ఇదే.

కొనేవారికీ ఒక హద్దుంది. లేని లోపాలు ఎంచి, అవసరంలో ఉన్నవాని వస్తువును చవకగా కాజేయడం కూడా అన్యాయమే. తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించే వారికి వినాశం తప్పదని దివ్య ఖుర్ఆన్ (83వ సూరా) హెచ్చరిస్తోంది. లోపాలను వెతికే మన చూపు కూడా ఒక తరాజే. కొనేటప్పుడు ఒకలా, అమ్మేటప్పుడు మరొకలా తూచే ఆ తరాజుకు రేపు అల్లాహ్ సన్నిధిలో మనం జవాబు చెప్పుకోవాలి.

మన లావాదేవీల్లో నిజాయితీని, బరకత్‌ను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.