కందూరు బంతి

తొర్రూరు బస్టాండులో దిగి ఆటో కోసం నిలబడితే మాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. 'మీదే వూరు?' చెప్తాం. తర్వాత పేరు అడుగుతారు. అదీ చెప్తాం. అప్పుడు మూడోది వస్తుంది: 'ఆహా, అసలు ఎక్కడోళ్లు మీరు?'

మా తాతలు ఆ చెరువు కింద కూలిచేసి ఆ కట్ట పక్కనే ఖబరస్తాన్‌లో పండుకున్నారు. ఇంకే 'అసలు' చూపించాలి? విచిత్రమేమంటే 'అసలు' అన్న మాటే అరబ్బీ నుంచి వచ్చింది. దాన్ని మాత్రం ఎక్కడిదానివని ఎవరూ అడగరు.

మా వూరి పేరు చెప్పం. ఆ చుట్టుపక్కల ఏ వూరనుకున్నా మీకు పెద్ద తేడా రాదు. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. ఒక చెరువు, దాని కింద వరి, చెలకల్లో పత్తి, మిరప. ఊరవతల లంబాడీ తండా. మా ఇండ్లు ఇరవై కూడా వుండవు. ఒకరు మిషన్ కుడతారు, ఒకరు సైకిళ్ల పంచర్లు అతుకుతారు, ఇద్దరు దూదేకులోళ్లు పరుపులు కుట్టుకుంటూ వూర్లు తిరుగుతారు. మిగిలినోళ్లంతా కూలీలు. నవాబుల వారసులమని మమ్మల్ని తిట్టేవాళ్లు ఒక్కసారి వచ్చి మా రేకుల కప్పులు చూడాలి.

ఊర్లో ప్రతి వాడకట్టులో ఒక యాకయ్య, ఒక యాకమ్మ వుంటారు. యాకూబ్ రెడ్డి కూడా వుంటాడు. వీళ్లెవరూ ముస్లిములు కారు. పర్వతగిరి దగ్గరి అన్నారం షరీఫ్‌లో యాకూబ్ షావలీ దర్గా వుంది. పిల్లలు పుట్టకపోతే, పుట్టినోళ్లు నిలవకపోతే అక్కడ మొక్కుకుంటారు. పుడితే ఆ పేరు పెడతారు. మొక్కు తీర్చడానికి యాటను కోసి కందూరు చేస్తారు. కోసేది మా ముల్లా సాబు. వండేది ఇంటోళ్లు. తినేది వూరు.

ఈ కందూరు గురించే మాలో మాకు తగువు మొదలైంది.

1992 డిసెంబరు 6 తర్వాత మా పిల్లలు కొందరు మసీదు వైపు నడిచారు. భయం నడిపించింది, అవమానం నడిపించింది. అక్కడ వాళ్లకు అక్షరం దొరికింది. సారా మానేశారు. మా నాయనలకు ఫాతిహా కూడా సరిగ్గా రాదు, వీళ్లకు ఖురాన్ చదవడం వచ్చింది. చదివినోడు అడుగుతాడు కదా: దర్గాకు మొక్కమని ఎక్కడుంది? అల్లాకు సాటి కల్పించడం షిర్క్ కాదా? ఆ ప్రశ్నను వెక్కిరించే హక్కు మాకు లేదు. పుస్తకం మా చేతికి రాకముందు మా మతమేదో వూరు చెప్పేది. అది కూడా ఒక రకం లొంగుబాటే.

ఇంకో వైపు నుంచి ఇంకో కుర్రాడు వచ్చాడు. నుదుట బొట్టు, చేతికి కంకణం. తురకోడు కోసిన మాంసం ఎందుకు తింటరని వాళ్ల నాయనను నిలదీశాడు. ఆ నాయన పేరు యాకయ్య.

ఇద్దరు కుర్రాళ్లకూ ఒకరంటే ఒకరికి పడదు. ఇద్దరూ లేపాలనుకున్నది మాత్రం ఒకే బంతిని.

ఇది మా వూరి రోగమేననుకున్నాం కొన్నాళ్లు. కాదు. 'కందూరీ' అంటే పారసీలో భోజనానికి పరిచే గుడ్డ, ఆ విందు కూడా. ఆ మాట మా దక్కనుకు వచ్చి కందూరు అయింది. సముద్రం దాటి ఇండోనేషియా చేరి 'కెందురి' అయింది. జావా పల్లెల్లో ఇలాంటి విందునే 'స్లమెతన్' అంటారు, మన సలామతు లాంటి మాట. పుట్టుకకు, సున్తీకి, పెళ్లికి, చావుకు ఇరుగుపొరుగు మగవాళ్లు చాపల మీద కూచుంటారు. ఒకాయన అరబ్బీలో దువా చదువుతాడు. అక్కడ కొంచెం తిని, మిగతాది అరిటాకులో కట్టుకుని ఇంటికి పోతారు. క్లిఫర్డ్ గీర్ట్జ్ అనే అమెరికన్ 1950ల మొదట్లో తూర్పు జావాలో వుండి ఇవన్నీ చూసి, 1960లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. వాళ్ల తోలుబొమ్మల్లో పాండవులున్నారు. వాళ్ల మొదటి అధ్యక్షుడు సుకర్ణో పేరులో కర్ణుడున్నాడు. అక్కడ ముస్లిముకు కర్ణుడి పేరు, ఇక్కడ రెడ్డికి యాకూబు పేరు.

తగువూ అదే. 1912లో పుట్టిన ముహమ్మదియా సంస్థ వాళ్లు ఆ విందుల్లో చాలావాటిని మతంలో లేనివన్నారు. 1926లో పుట్టిన నహ్‌దతుల్ ఉలమా వాళ్లు వుండనివ్వమన్నారు. ప్రపంచంలో అందరికంటె ఎక్కువమంది ముస్లిములున్న దేశంలోనే ఇది తెగలేదు. ఇరవై ఇండ్ల మాకు ఒక్క శుక్రవారంలో తెగుతుందా?

ఇక్కడ మా సెక్యులర్ మిత్రులతో ఒక మాట. మీకు మా పీర్ల పండుగ ఇష్టం. అలావా చుట్టూ అన్ని కులాలు ఎగురుతుంటే మీ కండ్లు చెమ్మగిల్లుతాయి. సంతోషం. కానీ మేం నమాజుకు పోతే మీ ముఖం మారుతుంది. కందూరు పెట్టే సాయిబు మంచోడు, గడ్డం పెంచిన సాయిబు అనుమానం. అంటే వూర్లో వుండడానికి మేం ఏటా ఒక విందు కప్పం కట్టాలా? ఆ కప్పం మేం కట్టం. పీరును ఎత్తుకున్నా, ఎత్తుకోకపోయినా ఆ చెరువు నీళ్లలో మాకు పాలుంది.

ఇంకోటి. కలిసి తింటే కలిసి వుంటామన్నది సగం నిజమే. ఆ జావా పల్లెల్లోనే 1965 అక్టోబరు నుంచి కొన్ని నెలలు హత్యాకాండ జరిగింది. ఇండోనేషియా మొత్తంలో కనీసం ఐదు లక్షల మందిని కమ్యూనిస్టులనో వాళ్ల వెంట తిరిగారనో చంపారని అంచనా. సైన్యం వెనక వుంది. అయితే కత్తులు పట్టినోళ్లలో పక్కింటోళ్లున్నారు. చచ్చినోళ్లలోనూ, చంపినోళ్లలోనూ ఒక చాప మీద కూచుని స్లమెతన్ తిన్నవాళ్లు వుండే వుంటారు. మతం పేరు పెట్టుకున్నారు కానీ అంతకుముందు ఏళ్లలో రగిలింది భూమి. 1960లో భూసంస్కరణ చట్టం వచ్చింది, అమలు కాలేదు, రైతులే భూముల్లోకి దిగారు. చాప ఆ లెక్క తేల్చలేదు.

మా బంతి మాత్రం ఏమంత చక్కనిది? మాదిగలను చివర్లో, వేరే వరసలో కూచోబెట్టిన రోజులు మా ముసలోళ్లకు గుర్తే. దూదేకులోళ్లకు పిల్లనివ్వని షేకులం మేం. దీన్నంతా మరిచిపోయి 'అందరం అలాయ్ బలాయ్‌గా వుండేవాళ్లం' అని పాడుకోవడం మాకిష్టం లేదు.

భూమి సంగతి ఎత్తితే మాకు బందగీ గుర్తొస్తాడు. దేవరుప్పుల దగ్గరి కామారెడ్డిగూడెం షేక్ బందగీ, విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టులో పోరాడి గెలిచాడు. దొర మనుషులు దారి కాచి చంపారు. తెలంగాణ సాయుధ పోరాటానికి ముందు మాట అది. 'మా భూమి' నాటకంలోకి ఆయన కథ ఎక్కింది. బందగీని తమవాడనుకున్న గొల్లలూ, చాకళ్లూ, మాదిగలూ ఆయన ఏ దర్గాకు మొక్కుతాడో అడగలేదు. అట్లాంటి కలిసి వుండడం ఒకటి ఈ నేల మీద వుండింది.

అయితే కందూరు ఆపాలా? మా వరకు మేం ఆపుకోవచ్చు. ఎవడి నమ్మకానికి వాడే జవాబుదారీ. మరి మొక్కు యాకమ్మది కదా! చచ్చిపోతాడనుకున్న కొడుకు బతికాడని ఆమె మా వాకిట్లోకి యాటను పట్టుకొస్తే, నీ మొక్కు తప్పని చెప్పే హక్కు మాకెవరిచ్చారు? మా దీన్ కడిగి శుభ్రం చేసుకుంటే ఆ మురికినీళ్లు ఎవరి గడపలోకి పోతాయో చూసుకోవద్దా? మేం ఇంతదాకనే ఆలోచించగలిగాం.

పోయినేడు ఇదే జరిగింది. ముల్లా సాబు కాలం చేశాడు. కత్తి పట్టడం వచ్చింది ఆ చదువుకున్న పిల్లగాడికే. యాకమ్మ వచ్చి అడిగింది. 'దర్గా కాడ నేను కొయ్య పెద్దమ్మా, పాపం' అన్నాడు.

'నీ నమాజు నువ్వు చేస్కో బిడ్డా, నా మొక్కు నన్ను తీర్చుకోనీ. యాటను మాత్రం నువ్వే కొయ్యాలె. ఇంకెవరున్నరు?'

వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, 'మీ వాకిట్ల అయితే అల్లా పేరు మీద కోస్తా' అన్నాడు. ఆమె ఒప్పుకుంది. మనసులో యాకూబ్ బాబానే తలుచుకుని వుంటుంది, అది వాడికీ తెలుసు.

కోశాడు. మాంసం ముట్టలేదు. యాకమ్మ కోడలు లోపలికి పోయి పచ్చిపులుసు చేసుకొచ్చింది. బంతిలో మా పక్కనే కూచుని పచ్చిపులుసు అన్నం తిన్నాడు. కంకణం కుర్రాడు రాలేదు. అతని నాయన వచ్చాడు, రెండోసారి కూర వేయించుకున్నాడు.