ఇల్లు అద్దెకిచ్చే ముందు ఏం అడగాలి?

ఇల్లు యజమాని సొత్తు, ఎవరికి ఇవ్వాలో ఆయన ఇష్టం అని పెద్దలు అంటారు. ఇది పూర్తిగా న్యాయమేనా?

రెండేళ్ళ క్రితం మేము జార్జి టౌన్‌లో ఇల్లు వెతికాము. ఒక బ్రోకరు నాన్నను, "అద్దె కట్టగలరా?" అని అడగలేదు. "మీరు ఏ కులం? మాంసం తింటారా?" అని అడిగాడు. "నాదేం లేదండి, ఓనరు అడగమన్నదే అడుగుతున్నా" అని కూడా అన్నాడు. నాన్న ఏమీ మాట్లాడకుండా వచ్చేశారు.

మన పేటకు ఇది కొత్త కాదు. ఒకప్పుడు దీని పేరు బ్లాక్ టౌన్. తెల్లవారు కోటలోని వైట్ టౌన్‌లో ఉండేవారు, మనవాళ్ళు కోట బయట ఉండేవారు.

మన రాజ్యాంగం 15వ అధికరణం ప్రకారం దుకాణాలకు, హోటళ్ళకు ఎవరినీ కులమతాల పేరుతో రానివ్వకుండా ఆపకూడదు. అందులో అద్దె ఇంటి మాట లేదు. 2017 నాటి తమిళనాడు అద్దె చట్టం వేరే ఒప్పందం లేకపోతే ఇళ్ళకు మూడు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదంటుంది. కులమతాలు చూసి ఇల్లు లేదనేవారిని మాత్రం ఆపదు. అమెరికాలో 1968లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి ఒక చట్టం వచ్చింది. జాతి, మతం చూసి ఇల్లు ఇవ్వకపోవడం దాని ప్రకారం చట్టవిరుద్ధం. అది యజమానికే కాదు, ఆయన తరఫున ఇల్లు చూసుకునే మేనేజరుకూ, బ్రోకరుకూ వర్తిస్తుంది. "ఓనరు చెప్పమన్నాడు" అంటే అక్కడ చెల్లదు.

యజమాని ఏమీ అడగకూడదని నేను అనడం లేదు. అద్దె సరిగ్గా కడతారా, ఇల్లు శుభ్రంగా ఉంచుతారా అని అడగవచ్చు. అవి మన నడతకు సంబంధించినవి. నడత బాగాలేకపోతే దిద్దుకోవచ్చు. పుట్టుకను ఎలా దిద్దుకుంటాం?

పోయిన నెల మా పక్క పోర్షన్ ఖాళీ అయింది. మంచివాళ్ళను చూడమని ఓనరు నాన్నకే చెప్పారు. "మన తెలుగువాళ్ళైతే బాగుంటుంది" అని నాన్న అమ్మతో అన్నారు.

"ఆ బ్రోకరు కూడా ఇలాగే అడిగాడు కదా నాన్నా" అన్నాను.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు, అందరికంటే ముందు వచ్చి అడిగినవాళ్ళకే ఇల్లు చూపించారు. వాళ్ళది తెలుగు కాదు, మా కులమూ కాదు. ఇప్పుడు వాళ్ళ పాప రోజూ మా ఇంట్లోనే ఆడుకుంటుంది.

మన దగ్గర కూడా అలాంటి చట్టం రావాలి. అది వచ్చేలోపు, తాళంచెవి మన చేతికి వచ్చిన రోజున, మనల్ని బాధపెట్టిన ప్రశ్నను మనం ఇంకొకరిని అడగకుండా ఉండాలి.