ఎవరి కాలం, ఎవరికిచ్చిన మాట

నెమ్మదిగా ప్రయాణం చెయ్యడం ఒక సుగుణమేనా? మన తాతల్ని అడిగితే నవ్వేసి ఉండేవారు. వాళ్లకు నెమ్మది తప్ప మరో దారి లేదు. గత్యంతరం లేనిచోట ధర్మాధర్మాల ప్రసక్తి రాదు. నెత్తిమీద విమానం ఎగురుతుండగా, అది ఎక్కగలిగి ఉండీ ఓడ ఎక్కినవాడి విషయంలోనే ఈ ప్రశ్న పుడుతుంది.

2023 అక్టోబరులో అలాంటి ఉదంతం ఒకటి ప్రపంచ పత్రికలకెక్కింది. జాన్‌లూకా గ్రిమాల్డా అనే ఇటలీ దేశస్థుడు జర్మనీలో ఒక పరిశోధన సంస్థలో పనిచేసేవారు. పపువా న్యూగినీలోని బోగన్‌విల్ దీవికి వెళ్లి, మారుతున్న వాతావరణం అక్కడి పల్లె జనాన్ని ఎలా తాకుతోందో అధ్యయనం చేశారు. వీలైనంత తక్కువ పొగతో ఇంటికి తిరిగి వెళ్తానని ఆ పల్లె వాళ్లకు మాట ఇచ్చారు. పని అనుకున్నదానికన్నా ఆలస్యమైంది. కొద్ది రోజుల్లో వచ్చి హాజరు కమ్మని సంస్థ ఆదేశించింది. అంత త్వరగా రావాలంటే విమానమే దిక్కు. ఆయన ఎక్కనన్నారు. ఉద్యోగం పోయింది. ఆయన సరుకుల ఓడ ఎక్కి, ఆపైన పడవలు, రైళ్లు, బస్సులు పట్టుకుని నెల దాటిన ప్రయాణానికి బయల్దేరారు. విమానంలో వస్తే తన వాటాకు సుమారు 5 టన్నుల బొగ్గుపులుసు వాయువు పడుతుందనీ, ఈ దారిన అందులో పదో వంతు కూడా పడదనీ ఆయన లెక్క.

దీనిమీద లోకం వేసే ప్రశ్నలు మూడు. వాటిని తోసెయ్యడం న్యాయం కాదు.

మొదటిది: ఆయన ఎక్కకపోయినా ఆ విమానం ఎగరనే ఎగిరింది కదా? నిజమే. కాని ఈ వాదన ఒప్పుకుంటే లోకంలో ఎవరూ దేనికీ బాధ్యులు కారు. లంచం ఇచ్చేవాడూ ఇదే అంటాడు, నేనివ్వకపోతే ఇంకొకడిస్తాడని. విమానాలు నడిచేది సీట్లు నిండుతాయన్న నమ్మకం మీద. ఆ నమ్మకంలో నా వంతు నేను వెనక్కి తీసుకోవచ్చు. అది చిన్నదే. చిన్నది వేరు, శూన్యం వేరు.

రెండోది: జీతమిచ్చేవాడి కాలాన్ని ఖర్చు పెట్టే హక్కు ఆయనకెక్కడిది? ఇది గట్టి ప్రశ్న. యజమానికీ మాట ఇచ్చే ఉంటాం, కొలువులో చేరిన రోజునే. రెండు మాటలు ఢీకొన్నప్పుడు దేన్ని నిలబెట్టాలి? నాకు తోచేదొకటి. ఏ మాట తప్పితే నష్టపోయినవాడు మనల్ని నిలదియ్యలేడో, ఆ మాటకే బరువెక్కువ. సంస్థకు న్యాయవాదులుంటారు. దీవిలోని పల్లెకు ఎవరుంటారు? పైగా ఆయన తన మాటకు ఖరీదు తన జీతంతోనే చెల్లించారు. 2024లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి కాని, పోయిన కొలువు తిరిగి రాలేదు.

మూడో ప్రశ్న నన్ను ఎక్కువగా కలతపెడుతుంది: ఇదంతా తీరిక ఉన్నవాడి వ్యవహారం కాదా? నేను బరంపురంలో ఉంటాను. మా గంజాం జిల్లా మనుషులు గోపాలపూర్ రేవులో ఓడలెక్కి రంగూన్ వెళ్లేవారు. మన పెద్దలు దాన్ని ‘రంగం’ అనేవారు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరుమీద బర్మాలో తెలుగువాళ్లకు ‘కోరంగీ’లన్న పేరే పడింది. 1942లో జపాను సేనలు వచ్చిపడ్డప్పుడు ఓడల్లో చోటు దొరకని లక్షలాది భారతీయులు అరకాను మీదుగా, మణిపురం కొండల మీదుగా కాలినడకన స్వదేశం దారి పట్టారు. ఆకలితో, కలరాతో, మలేరియాతో దారిలోనే వేలమంది రాలిపోయారు. అంతకన్నా నెమ్మదైన ప్రయాణం ఏముంటుంది? దాన్ని సుగుణమని ఎవరనగలరు? ఈనాటికీ మా పల్లెల కుర్రాళ్లు సూరత్ మగ్గాల మీద పనికి రిజర్వేషను లేని పెట్టెల్లో నిలబడి వెళ్తారు. రెండేళ్లకోసారి నెల సెలవు దొరికే గల్ఫ్ కార్మికుడితో ఓడమీద రమ్మని చెబితే, తల్లి దగ్గర గడపాల్సిన రోజుల్ని సముద్రంలో పారబొయ్యమన్నట్టే.

కాబట్టి నెమ్మదిలో పుణ్యమేమీ లేదు. వేగం చేతిలో ఉన్నవాడు దాన్ని ఎవరికోసం వదులుకున్నాడన్నదే ప్రశ్న. త్యాగం అనేది ఉన్నవాడు చేసేది. లేనివాడి లేమిని త్యాగమని పొగడడం దొంగమాట. అలాగే, ఇది ఉన్నవాళ్లకే సాధ్యం కాబట్టి అర్థం లేనిదనడమూ సరికాదు. ఉన్నవాళ్లే చెయ్యగలిగింది వాళ్లు కాక మరెవరు చెయ్యాలి?

ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో పొడంపేట అని ఒక ఊరుండేది. తెలుగు మాట్లాడే జాలరుల ఊరు. ఇళ్లకు ఇళ్లు కడలిపాలయ్యాయి. జనం లోపలికి తరలి కొత్త కాలనీలో ఉంటున్నారు. ఆ కోతకు కారణం ఒక్కటే అని నేననను. కాని ఎత్తు పెరుగుతున్న సముద్రం ఎక్కడైనా ముందు ముట్టుకునేది ఇలాంటి గడపల్నే. వాళ్లలో ఎంతమంది విమానం ఎక్కి ఉంటారు?

బోగన్‌విల్ నాకు దూరం. పొడంపేట దూరం కాదు. గ్రిమాల్డా అక్కడి పల్లె వాళ్లకు నోరు విప్పి మాట ఇచ్చారు. మనం మన పల్లెలకు ఏ మాటా ఇవ్వలేదు. ఇవ్వలేదు కనక తప్పడం లేదని సమాధానపడవచ్చు. ఆ సమాధానం నాకు ఆనడం లేదు. రెండు రోజుల రైలుప్రయాణం భరించే తీరిక ఉండీ, రెండు గంటల విమానానికి టిక్కెట్టు కొనబోయేటప్పుడు, ఈ మిగిలిన కాలం ఎవరి ఖాతాలోంచి వస్తోందని ఒక్కసారి అడిగి చూసుకోవడం మనకు చేతనయిన పని. జవాబు ప్రతిసారీ ఒకటే కానక్కర్లేదు. అడగడం మాత్రం మానకూడదు.