గడ మీద ధర్మవిచారం

శరీరాన్ని ప్రమాదంలో పెట్టి, ఆ ప్రమాదాన్ని నలుగురికీ చూపి, చూసినవారు ఇచ్చినదానితో బతికే మనిషి ధర్మం ఏమిటన్న ప్రశ్నను భారతీయ చింతన చిన్న విషయంగా తోసిపుచ్చలేదు. గడ ఎక్కేవాడు, మోకు మీద నడిచేవాడు, మొగ్గలు వేసేవాడు బౌద్ధ సుత్తాల్లోనూ, ధర్మశాస్త్రాల్లోనూ, శంకరుల భాష్యంలోనూ కనిపిస్తారు. అయితే చాలా గ్రంథాలు అతన్ని తమ వాదానికి ఉదాహరణగా వాడుకుని వదిలేశాయి. అతని పని లోపలికి వెళ్లి చూసింది పాలి సంయుత్త నికాయంలోని సేదక సుత్తం. ఊరూరా తిరుగుతూ గడ నిలిపి ఆడిన దొమ్మరి కుటుంబాల జీవితాన్ని, గుంటూరు, ప్రకాశం మైదానాల నేలనూ కాలాలనూ దృష్టిలో ఉంచుకుని చదివితే, ఆ సుత్తం చెప్పిన మాటకు బలం పెరుగుతుంది. అది చెప్పకుండా వదిలిన భాగం కూడా బయటపడుతుంది.

సుంభ జనపదంలోని సేదక పట్టణంలో బుద్ధుడు భిక్షువులకు చెప్పిన కథ ఇది. వెదురుగడ మీద ఆడి జీవించే ఒక చండాల కులపు ఆటగాడు గడను నిలిపి, మేదకథాలిక అనే శిష్యుణ్ణి పైకెక్కి తన భుజాల మీద నిలబడమంటాడు. శిష్యుడు ఎక్కాక గురువు ఒక ఒప్పందం ప్రతిపాదిస్తాడు: శిష్యుడు గురువును కాపాడాలి, గురువు శిష్యుణ్ణి కాపాడాలి; అలా ఒకరినొకరు కాపాడుకుంటే విద్య చూపవచ్చు, ప్రతిఫలం పొందవచ్చు, క్షేమంగా దిగవచ్చు. శిష్యుడు ఒప్పుకోడు. ఎవరి రక్షణ వారు చూసుకోవాలనీ, అప్పుడే ఆ మూడూ నెరవేరుతాయనీ అంటాడు. బుద్ధుడు శిష్యుడు చెప్పిన పద్ధతే సరైనదని నిర్ణయించి, దాన్ని సతిపట్ఠానానికి, అంటే శరీరాన్నీ అనుభూతులనూ చిత్తాన్నీ మనోధర్మాలనూ ఎడతెగని ఎరుకతో గమనించే సాధనకు అన్వయిస్తాడు. తనను కాపాడుకునేవాడు పరులనూ కాపాడుతున్నాడు, అది సాధన వల్ల; పరులను కాపాడేవాడు తననూ కాపాడుకుంటున్నాడు, అది ఓర్పు, అహింస, మైత్రి, దయ వల్ల. సుత్తం సారాంశం ఇంతే.

ఈ బోధకు తెలుగు నేల పరాయిది కాదు. అమరావతి, భట్టిప్రోలు, చందవరం, నాగార్జునకొండ స్తూపాలన్నీ ఈ మైదానాల్లోనో వాటి అంచున ఉన్న కొండల్లోనో వెలసినవే. నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి వేయించిన శాసనం తామ్రపర్ణి, అంటే సింహళ ద్వీపపు థేరవాద ఆచార్యులను స్మరిస్తుంది కాబట్టి, పాలి సుత్తాలను వల్లించిన భిక్షువులు కృష్ణ ఒడ్డున మసలారని భావించడానికి ఆధారం ఉంది. విహారాలకు దూరం కాకుండానే అక్కడ ఇక్ష్వాకుల కాలపు రంగస్థలం ఒకటి, చుట్టూ మెట్ల వరుసలతో, తవ్వకాల్లో బయటపడింది. నాగార్జునసాగర్ నీళ్లలో ఆ లోయ మునిగిపోగా, ఆ రంగస్థలాన్ని అనుపు అనే చోట మళ్లీ నిర్మించారు. ధ్యానం చేసేవారు, ఆట చూసేవారు ఒకే లోయలో బతికారన్నమాట.

శిష్యుడి మాట మొదట వినగానే స్వార్థంలా తోస్తుంది. పై మనిషి కింది మనిషి గురించి, కింది మనిషి పై మనిషి గురించి ఆలోచించడం కన్నా ఉదాత్తమైనది ఏముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. గడ పని తెలిసినవారికి మాత్రం ఆ సందేహం రాదు. దొమ్మరాటలో గడను రెండు రకాలుగా వాడతారు. ఒకటి, నేలలో పాతి, నాలుగు వైపులా మోకులు లాగి మేకులకు బిగించి కట్టే గడ. రెండోది, కింద ఒక మనిషి నడుముకో పొట్టకో ఆనించి మోసే గడ. రెండో రకంలో పైనున్నవారు ఎటు ఒరుగుతున్నారో కింది మనిషి కన్ను పైకి పెట్టి గమనిస్తూ, గడ మొదలు ఎప్పుడూ ఆ బరువు కిందికే వచ్చేలా అడుగులు జరుపుతుంటాడు. పైనున్నవారు ఆ సమయంలో చేయవలసింది తమ శరీరాన్ని బిగబట్టి, తమ తూకం తాము చూసుకోవడమే. కింది మనిషి తడబడ్డాడేమోనని పైనున్నవారు కూడా అతని కోసం ఒరిగితే, ఒకే ఒరుగుకు రెండు సవరణలు జరుగుతాయి. వాటికి మళ్లీ సవరణలు కావలసి వస్తాయి. ఊపు పెరిగి గడ పడిపోతుంది. తంబు సర్కస్‌లో ట్రపీజు ఊయల మీద ఆడేవారికి నేర్పే నియమం కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది: ఎగిరే మనిషి పట్టుకునేవాడి చేతుల కోసం వెతుక్కోకూడదు, సమయానికి సరైన చోట చేతులు చాచి ఉండాలి, పట్టుకోవడం అవతలివాడి పని.

కాబట్టి ఆటగాడి విషయంలో తనను కాపాడుకోవడం అంటే ఎదుటివాడు మోయవలసిన బరువును నిలకడగా ఉంచడం. ఎదుటివాడి పనిని లాక్కోకపోవడంలోనే అతని మీద గౌరవం ఉంది. సుత్తాన్ని వ్యాఖ్యానించేవారు చాలామంది గడను త్వరగా వదిలి ధ్యానంలోకి వెళ్లిపోతారు, అది పొరపాటు. ఉపమానంలోని పనిని చివరిదాకా చూస్తేనే, బుద్ధుడు రెండో సగంలో ఓర్పునూ దయనూ ఎందుకు చేర్చాడో బోధపడుతుంది. కింది మనిషి తన అడుగు తాను చూసుకుంటూనే పై మనిషి బరువును ఓర్చుకోవాలి. ఎరుక లేని ఓర్పు గడను నిలపదు, ఓర్పు లేని ఎరుక గడను మోయదు.

ఈ ఎరుక ఆట సమయంలో మాత్రమే పుట్టేది కాదు, దినచర్య అంతా దానికోసమే ఉంటుంది. గుడారాలూ సామానూ గాడిదల మీద వేసుకుని ఊరు మారడం, ఊరి బయట దిగడం, చిన్ననాటి నుంచే నడుము వంచి మొగ్గలు సాధన చేయడం, ఆట లేని రోజుల్లో కొయ్య దువ్వెనలు చేసి అమ్ముకోవడం ఈ సంచార కుటుంబాల బతుకు. దొమ్మరుల కసరత్తు విద్యను థర్‌స్టన్, రంగాచారి 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాల సంపుటాలు నమోదు చేశాయి. ఈ మైదానంలో నేల కూడా ఒక పరీక్షే. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. వానాకాలంలో అందులో మేకు నిలవదు, నడి వేసవిలో మేకు దిగదు. మోకు బిగించే ముందు మట్టిని చూసుకోవలసిందే. అప్రమాదం, అంటే ఏమరుపాటు లేకపోవడం, భిక్షువుకు ఉపదేశం. గడ ఎక్కేవారికి అది బతికి ఉండటానికి షరతు.

ఇక్కడ బౌద్ధంలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. అదే సంయుత్త నికాయంలో నటబృంద నాయకుడు తాలపుటుడు, జనాన్ని నవ్వించే నటులు చనిపోయాక నవ్వే దేవతల లోకానికి వెళతారన్న పెద్దల మాట నిజమేనా అని బుద్ధుణ్ణి అడుగుతాడు. బుద్ధుడు చెప్పడానికి ఇష్టపడడు. పట్టుబట్టి అడిగితే, తానూ మత్తులో ఉండి పరులనూ మత్తులో ముంచే నటుడికి దక్కేది స్వర్గం కాదని చెబుతాడు. తాలపుటుడు కన్నీళ్లు పెట్టుకుని, తరువాత భిక్షువై, అర్హంతుడయ్యాడు. మరి సేదకంలో మెచ్చుకోబడిన ఆటగాడికీ ఇక్కడ హెచ్చరిక పొందిన నటుడికీ తేడా ఏమిటి? తేడా ఏమరుపాటులో ఉందని చెప్పవచ్చు: నవ్వించేవాడు ఏమరుపాటుతో కూడా నవ్వించగలడు, గడ ఎక్కినవాడు ఏమరితే పడతాడు. కానీ ఈ సమాధానం ఆటగాణ్ణి మాత్రమే రక్షిస్తుంది, చూసేవాణ్ణి కాదు. పడతాడేమోనన్న భయమే కదా చూసేవాడి ఆనందంలో సగం.

ధమ్మపద అట్ఠకథ, అంటే ధమ్మపద గాథల వెనుక కథలు చెప్పే వ్యాఖ్య, ఈ సంగతిని గుర్తించినట్టే ఉంది. రాజగృహంలో ఉగ్గసేనుడనే శ్రేష్ఠి కొడుకు గడ ఆడే పిల్లను ప్రేమించి, ఆమెను పెళ్లాడి, బృందంతో తిరుగుతూ, ఆమె దెప్పిపొడుపులు భరించలేక తానూ విద్య నేర్చుకుంటాడు. అతను గడ కొసన నిలబడి ఆడుతున్న వేళ బుద్ధుడు వస్తాడు, జనం చూపులు అటు తిరుగుతాయి, పైనున్నవాడి ఉత్సాహం చప్పబడిపోతుంది. గడిచినదాన్నీ రానున్నదాన్నీ నడుమనున్నదాన్నీ విడిచిపెట్టమన్న బోధ అతనికి అక్కడే, ఆ ఎత్తులోనే అందుతుంది. గమనించదగ్గది ఏమిటంటే, అతన్ని కుంగదీసింది పడిపోతానన్న భయం కాదు, ఎవరూ చూడటం లేదన్న బాధ. ఆటగాడి సంకెల గడలో లేదు, జనం చూపులో ఉంది.

శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో ఇంకొక ఆటగాణ్ణి చూపిస్తారు. కత్తీ డాలూ పట్టి తాడు మీదుగా ఆకాశంలోకి ఎక్కే మాయావి కనిపిస్తాడు గాని, అసలు మాయావి నేల మీదే నిలబడి ఉంటాడు. జీవుడికీ ఈశ్వరుడికీ ఉన్న భేదం అలాంటిదని వారి అన్వయం. ఉపమానంగా అది గొప్పదే, అయితే అందులో ఎవరూ పడరు, ఎవరి ఎముకా విరగదు. పరమార్థం చెప్పడానికి ఆ ఆటగాడు చాలు. ధర్మం చెప్పడానికి సేదకపు ఆటగాడే కావాలి.

ఇక చూసేవాడి సంగతి. సేదక సుత్తంలో గురుశిష్యులిద్దరూ కోరుకున్న మూడింటిలో రెండోది ప్రతిఫలం. దాన్ని ఇచ్చేది ఎవరు? సుత్తంలో వారి ఊసే లేదు. భారతీయ సమాజం ఆ ఇచ్చేవాడి తరఫున మాట్లాడినప్పుడు గొంతు మారుతుంది. మనుస్మృతి నాలుగో అధ్యాయం రంగస్థలం మీద బతికేవాడి అన్నం తినకూడదంటుంది. అర్థశాస్త్రం కొత్త పల్లెల్లో నటులూ గాయకులూ రైతుల పనికి అడ్డు రాకూడదంటుంది. రైతు పల్లె నమ్మకం మాత్రం వేరు: దొమ్మరసాని గడ ఎక్కి పసుపుబియ్యం చల్లితే వానలు కురిసి పంటలు పండుతాయని తెలుగు పల్లెలు తలచాయి. శివరాత్రికి శ్రీశైలం చేరిన జనసందోహాన్ని వర్ణిస్తూ పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో గడల మీద ఆడేవారిని దేవలోకపు స్త్రీలతో పోల్చాడు. అన్నం ముట్టరాని మనిషే ఆకాశంలో ఉన్నంతసేపు దేవత అవుతోంది; దిగాక మళ్లీ ఊరి బయటికే. ఈ గౌరవం గడ ఎత్తులోనే ఉంది కాని నేల మీదికి రాలేదు. దొమ్మరి కుటుంబాల ఆడపిల్లల్లో కొందరిని బసివిగా దేవుడికి అర్పించిన ఆచారాన్ని, 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం వచ్చేదాకా లోకం సహించిన తీరును, ఈ వెలుగులోనే చూడాలి.

జొన్న, వరి చోట పత్తి, మిరప పెరగడంతో రైతుకూ ఆటగాడికీ ఉన్న బంధం ఆర్థికంగా కూడా సడలింది. జొన్న, వరి కళ్లంలో రాశి పోసిన రోజున అడిగినవారికి చేటెడు గింజలు పెట్టడం రైతుకు కష్టం కాదు. పత్తి గింజలా వండుకునేది కాదు. మిరప కళ్లంలో ఎండి, బస్తాల్లో గుంటూరు యార్డుకు పోయి డబ్బుగా తిరిగి వస్తుంది. ఆ డబ్బు అప్పులకూ పురుగుమందులకూ ముందే లెక్క కట్టి ఉంటుంది. దానం చేసే మనసు తగ్గిందని నిందించడం సులువు; దానం చేయడానికి కళ్లంలో రాశే లేకపోయిందన్నది దానికన్నా సరైన మాట. కోటప్పకొండ వంటి తిరునాళ్లలో టికెట్టు కొని చూసే వినోదాలు ఆ స్థానంలోకి వచ్చాయి. టికెట్టుతో ఒక మార్పు జరిగింది: పసుపుబియ్యం అందుకున్న రైతు తన పొలం కోసం ఆడిన మనిషికి రుణపడినవాడు, టికెట్టు కొన్నవాడు ఆ రుణం ముందే తీర్చేశానని అనుకుంటాడు.

తీరిందా అన్నదే అసలు ప్రశ్న. వీరఘట్టంలో పుట్టి విజయనగరం నుంచి సర్కస్ నడిపిన కోడి రామమూర్తి నాయుడు గుండెల మీద ఏనుగును నిలుపుకుని, ఛాతీకి కట్టిన గొలుసులను తెంపినప్పుడు, అది పెద్దవాడు తన శరీరంతో, తన నిర్ణయంతో చేసిన పని. అక్కడ చూసేవాడికి మెచ్చుకోవడమే చాలు. గడ కొసన ఉన్నది పసిపిల్ల అయితే పరిస్థితి అది కాదు. సేదక సుత్తంలో అందరూ దాటిపోయే వివరం ఒకటి ఇక్కడ పనికొస్తుంది: శిష్యుడు గురువు మాటను కాదన్నాడు. భుజాల మీద నిలబడి ఉండగానే కాదన్నాడు, బుద్ధుడు ఆ కాదన్నవాడినే సమర్థించాడు. తనను తాను కాపాడుకోవడం అనే ధర్మానికి మొదటి షరతు, కుదరదని చెప్పగలిగే స్థితి. ఆకలి వల్లనో వయసు వల్లనో ఆ మాట అనలేనివారిని పైకి ఎక్కించి, ఎవరి రక్షణ వారిదే అని చెప్పడం బుద్ధుడి బోధ కాదు. అలాంటి చోట రక్షించే బాధ్యత కిందనున్నవాడితో ఆగదు, చుట్టూ నిలబడి చూసే జనానికీ వస్తుంది.

2011 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు సర్కస్‌లలో పిల్లలను పనిలో పెట్టడాన్ని నిషేధిస్తూ నోటిఫికేషన్ ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ధర్మదృష్టిలో ఆ తీర్పు సరైనదే, కాని సగమే: పిల్లను గడ మీది నుంచి దించినవారు ఆ గడ మీద ఆధారపడిన ఇంటికి తిండి దారీ, ఆ పిల్లకు బడీ చూపాలి, ఎందుకంటే ఆ శిష్యుడు అడిగిన మూడింటిలో క్షేమంగా దిగడంతో పాటు ప్రతిఫలం కూడా ఉంది.