డిఫాల్ట్ విలువ

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి అశోక్ నగర్ వైపు నడుస్తుంటే అన్నీ కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు. మొన్నో ఆదివారం ఆధార్ కాపీ కోసం ఒక షాపులో నిలబడ్డాను. పక్కనే ఒకమ్మాయి ఉద్యోగానికి ఆన్‌లైన్ అప్లికేషన్ నింపిస్తోంది.

"అన్నా, ఇంటిపేరు ముందు రాయాల్నా, ఎన్కనా?"

"మెమోల ఎట్లుంటే అట్లనే కొట్టాలె చెల్లె. ఒక్క అక్షరం తప్పువోయినా పరేషానే."

ఆ అప్లికేషన్ వెనక నాలాంటివాడు రాసిన వర్క్‌ఫ్లో ఒకటి ఉంటుంది. అందులో ఆ అమ్మాయి పేరు ఉండదు, 'పేరు' అనే వేరియబుల్ ఉంటుంది. చీటీ అంటించిన ఖాళీ డబ్బా అనుకోండి. అందులో ఎవరిని వేసినా అవే మెట్లు, అదే వరస. ఇందులో ఒక న్యాయమూ ఉంది. మీకు ఏ ఎమ్మెల్యే తెలుసో డబ్బాకి అక్కర్లేదు. ముఖం చూసి ఫైలు కదిలించే ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకి ఇది చిన్న సంగతి కాదు.

మరి డబ్బా ఖాళీగా వస్తే? అందులో ఉన్నది ఫలానా మనిషేనా అని అనుమానమొస్తే? అప్పుడేం చెయ్యాలో కూడా ముందే రాసిపెట్టాలి. ఖాళీ అయితే వాడేదాన్ని డిఫాల్ట్ విలువ అంటాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి ఒక చోట 'నో' అని పెట్టాను. ఆలోచించి కాదు, టెస్ట్ పాసైతే చాలని. ఫోన్ నంబర్ ఇవ్వని కస్టమర్లందరికీ రీఫండ్ ఆగిపోయిందని రెండు వారాలకి గానీ తెలీలేదు. ఈలోగా ఒక్క ఎర్రర్ రాలేదు. స్క్రీన్ మీద అంతా పచ్చగానే ఉంది.

నాది చిన్న తప్పు. తెలంగాణ ప్రభుత్వం 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థ కట్టింది. వేర్వేరు శాఖల రికార్డుల్లో పేర్లూ చిరునామాలూ పోల్చి, ఏవేవి ఒకే మనిషివో అది తేలుస్తుంది. మన పేర్లేమో ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట ఇనీషియల్‌తో, మరోచోట వేరే స్పెల్లింగుతో ఉంటాయి. రిక్షా తొక్కే ఒకాయన్ని, దగ్గరి పేరున్న ఇంకొకరి కారుకి యజమానిగా లెక్కేసి ఆ ఇంటి రేషన్ కార్డు తీసేసిన సంగతి పత్రికల్లో వచ్చింది. రాష్ట్రంలో 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల కార్డుల్ని ఇళ్లకి వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది.

పోలిక ఎప్పుడో ఒకప్పుడు తప్పుతుంది. దాన్ని నేను నేరమనను. అనుమానమొచ్చినప్పుడు ఆ బరువు ఎవరి మీద పడాలన్నదే ప్రశ్న. కార్డు ఉంచితే ఒక కారు యజమానికి ఊరికే బియ్యం అందుతాయి. తీసేస్తే ఒక ఇంట్లో పొయ్యి వెలగదు. కోడ్‌లో ఈ రెండు తప్పులకీ ఒక్క లైనే తేడా. ఆ లైను రాసేవాడు, తాను ఎవరివైపు నిలబడుతున్నాడో కూడా అక్కడే రాసేస్తాడు. తర్వాత "సిస్టమ్ తీసుకోవట్లేదు" అనడం అబద్ధం.

ఇప్పుడు కోడ్ రివ్యూల్లో ఒకటే అడుగుతాను: ఇది ఖాళీగా వస్తే నష్టం ఎవరికి? టీమ్‌లో కొందరు విసుక్కుంటారు.

షాపులో ఆ అమ్మాయి మెమో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకుంటోంది. అలా చూసుకోవాల్సింది ఆమె ఒక్కతేనా?